సిక్కోలు, విజయనగరం ఇంటిల్లిపాదీ చూసి రావడం ఎలా: ఏ పూట ఎక్కడ ఉండాలి

ఉత్తరాంధ్ర అనగానే చాలామంది విశాఖ, అరకు చూసుకుని వెనక్కి తిరుగుతారు. ఆ పైనున్న శ్రీకాకుళం (మా వాడుకలో సిక్కోలు), విజయనగరం జిల్లాలకు వచ్చే చుట్టాలు మాత్రం నన్ను ముందుగా అడిగేది ఒకటే: "అన్నీ ఒక్కరోజులో అయిపోతాయా?" అవవు. ఇక్కడ చూడాల్సినవి ఒకచోట పోగుపడి లేవు. ఒక గుడి ఊరి పక్కన, ఇంకొకటి ఏటి ఒడ్డున, బౌద్ధ స్తూపాలు ఒక గుట్ట మీద, కొంగలు ఒక పల్లెలో చింతచెట్ల మీద. దూరాలు చిన్నవే గానీ హైవే దిగాక దారులు ఇరుకు. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఎండుతూ ఉంటుంది.

అందుకే ఎన్ని చూశామన్న లెక్క పక్కన పెట్టి, ఏ చోటుకు ఏ పూట వెళ్లాలన్నది చూసుకోండి. అలా కుదుర్చుకుంటే మూడు రోజులు హాయిగా సరిపోతాయి. బొబ్బిలి కూడా కావాలంటే నాలుగో రోజు ఒక పూట. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకునే ఇదంతా రాస్తున్నాను. కుర్రాళ్లు బైకుల మీద వస్తే ఇందులో సగం జాగ్రత్తలు వాళ్లకు అక్కర్లేదు.

ముందు నెల తేల్చుకోండి

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తమం. పొద్దుటి పూట మంచు, పగలు ఓర్చుకోగలిగిన ఎండ, సాయంత్రం సముద్రపు గాలి. కొంగలు గూళ్లు కట్టుకుని ఉండేదీ ఈ రోజుల్లోనే. మార్చి దాటితే గుడి ప్రాకారంలో బండల మీద మధ్యాహ్నం కాలు పెట్టలేం. వానాకాలంలో వరిచేలు కళ్లకు ఇంపుగా ఉంటాయి గానీ వాన ఎప్పుడు పట్టుకుంటుందో చెప్పలేం. అక్టోబరు, నవంబరుల్లో వచ్చేవాళ్లు తుఫాను హెచ్చరికలు చూసుకునే బయల్దేరాలి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గరే తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటలను పడగొట్టేసింది.

విపరీతంగా జనం ఉండే రోజులు కొన్ని ఉన్నాయి. మాఘమాసం ఆదివారాలు, రథసప్తమి అరసవల్లి సూర్యుడి గుడివి. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం. ఉత్సవం చూడటానికే వస్తే ఆ తేదీలకే రండి, ఆ సంబరం వేరు. పొడవాటి చింతమాను చివర పూజారి కూర్చుని, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగుతుంటే ఊరంతా మేడల మీదే ఉంటుంది. కానీ పిల్లల్ని భుజాన వేసుకుని ఆ జనంలో నిలబడటం సరదా కాదు. ఊరేగింపు దారిలో మేడ ఉన్న చుట్టం దొరికితేనే సాహసించండి.

దిగేదెక్కడ, బస ఎక్కడ

శ్రీకాకుళం పట్నంలో రైల్వే స్టేషన్ లేదు. టికెట్ మీద ఉండే 'శ్రీకాకుళం రోడ్' స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, పట్నానికి 13 కిలోమీటర్లు. ఆటోలు, బస్సులు ఉంటాయి గానీ అర్ధరాత్రి దిగే రైలైతే బండి ముందే మాట్లాడుకోండి. విజయనగరం పెద్ద జంక్షన్, అక్కడ ఈ ఇబ్బంది లేదు. విశాఖ నుంచి కారులో వస్తే శ్రీకాకుళం సుమారు 110 కిలోమీటర్లు, మొత్తం హైవే.

మొదటి రెండు రాత్రులు శ్రీకాకుళంలో, మూడోది విజయనగరంలో పెట్టుకోండి. రోజూ సామాను సర్దుకుని ఊరు మారితే పెద్దవాళ్లకు సగం ఓపిక అక్కడే అయిపోతుంది. అరసవల్లి, శ్రీకూర్మం బస్సులో చూడొచ్చు గానీ స్తూపాలున్న శాలిహుండం, కొంగలు వాలే తేలినీలాపురం లాంటి చోట్లకు సొంత బండో, రోజు బాడుగ బండో ఉండాలి. డ్రైవరు ఈ జిల్లా మనిషైతే మంచిది. మ్యాపులో కనపడని అడ్డదారులూ, ఏ ఊళ్లో అన్నం బాగుంటుందో కూడా అతనికి తెలుస్తుంది.

మొదటి రోజు: తెల్లారేసరికి అరసవల్లి

ఆరింటికల్లా గుడి దగ్గర ఉండండి. పట్నానికి ఆనుకునే ఉంటుంది కాబట్టి కష్టం కాదు. ఏడో శతాబ్దంలో కళింగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పే సూర్యనారాయణస్వామి గుడి ఇది. మన దేశంలో నిత్యపూజలు జరిగే సూర్యదేవాలయాలు చాలా తక్కువ. ఏటా మార్చిలో 9, 10 తేదీల ప్రాంతంలోనూ, అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోనూ ఉదయం ఎండ గాలిగోపురం దాటుకుని లోపలికి వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకుతుంది. అది కొద్ది నిమిషాల ముచ్చట, మబ్బు పడితే అదీ లేదు. ఆ కిరణాల కోసమే నెలల ముందు టికెట్లు కొనుక్కుని, మబ్బు చూసి ముఖం చిన్నబుచ్చుకునే వాళ్లు ఏటా ఉంటారు. మిగతా రోజుల్లో, ముఖ్యంగా ఆదివారం కాని రోజు, నల్లరాతి స్వామిని నిదానంగా కళ్లారా చూడొచ్చు. నాకైతే అదే నచ్చుతుంది.

దర్శనం అయ్యాక పట్నంలో టిఫిన్ చేసి, తొమ్మిది గంటల ప్రాంతంలో శ్రీకూర్మం చేరుకోండి. పిల్లలకు ఈ యాత్రలో ఎక్కువగా గుర్తుండేది ఇదే కావచ్చు. విష్ణువు తాబేలు రూపంలో పూజలందుకునే గుడి ఇంకెక్కడో చూసినట్టు నాకు గుర్తులేదు. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లను పెంచుతారు. డొప్ప మీద పసుపు గీతలు చుక్కల్లా విచ్చుకుని ఉంటాయి. మా మేనకోడలు తోటకూర నములుతున్న తాబేలు ముందు గొంతుకూర్చుని, మూలవిరాట్టు దర్శనానికి పిలిచినా కదల్లేదు. ఒక్క మాట మాత్రం పిల్లలకు ముందే చెప్పండి: వాటిని చేత్తో ఎత్తకూడదు, తిరగేయకూడదు. ఇవి చట్టం రక్షణలో ఉన్న జీవులు.

పెద్దలు చూడాల్సినవి వేరే ఉన్నాయి. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. ధ్వజస్తంభాలు రెండు, తూర్పున ఒకటి, పడమట ఒకటి. ప్రదక్షిణ మండపంలో గోడల మీద పాత వర్ణచిత్రాలు, స్తంభాల మీద శాసనాలు ఉన్నాయి. కళింగాన్ని కొంతకాలం ఏలిన మధ్వ యతి నరహరితీర్థుల శాసనం కూడా ఇక్కడిదే, 1281 నాటిది. అక్షరాలు మనకు అర్థం కాకపోయినా వేలితో చూపిస్తూ స్తంభం చుట్టూ ఒకసారి తిరగండి. ఎదురుగా ఉన్న శ్వేతపుష్కరిణి దగ్గర పితృకార్యాలు జరుగుతూ ఉంటాయి. అక్కడ ఫొటోలు తీయకపోవడం మర్యాద.

గుళ్లు మధ్యాహ్నం మూస్తారు. ఎండ ముదిరేలోపు పట్నానికి తిరిగొచ్చి, భోంచేసి, ఒక నిద్ర తీయండి. ఈ నిద్రను తప్పించి ఇంకో చోటు ఇరికించాలని ఎవరో ఒకరు అంటారు. వినకండి. సాయంత్రం నడవాల్సింది ఉంది.

మూడు దాటాక శాలిహుండానికి బయల్దేరండి. వంశధార కుడి ఒడ్డున గుట్ట మీద ఇటుక స్తూపాలు, చైత్యాల (బౌద్ధ ప్రార్థనా మందిరాల) పునాదులు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నుంచి వెయ్యేళ్లకు పైగా ఇక్కడ బౌద్ధం నడిచింది. 1919లో దీన్ని లోకానికి చూపించినవారు గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాష కోసం, సవర భాష కోసం జీవితం ధారపోసిన మన గిడుగువారే. ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా ఈ ఏటి పక్క ఊరే. రాతి మెట్ల దారి నిటారుగా ఏమీ ఉండదు గానీ మోకాళ్లు పట్టేసేవాళ్లు కింద మ్యూజియం దగ్గరే ఉండి తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు చూడొచ్చు. మ్యూజియానికి వారంలో సెలవు ఉంటుంది, ముందే కనుక్కోండి. పైన కొట్లు లేవు, నీళ్లు తీసుకెళ్లండి.

పైకి ఎక్కినవాళ్లు స్తూపాల ఫొటోలు తీసుకుని వెంటనే దిగిపోతుంటారు. అది తొందరపాటు. గుట్ట మీద నిలబడి తూర్పుకు చూస్తే ఏరు వెడల్పై సముద్రంలో కలవడానికి పోతూ కనిపిస్తుంది. పడవలు ఎక్కి సరుకులు, భిక్షువులు వచ్చిపోయిన దారి అదే. ఈ గుట్ట మీదే ఆరామం ఎందుకు కట్టారో పుస్తకం లేకుండా అర్థమవుతుంది.

అక్కడి నుంచి అయిదారు కిలోమీటర్లలో కళింగపట్నం. ఒకప్పుడు పెద్ద రేవు, ఇప్పుడు నిదానమైన బీచ్, లైట్‌హౌస్, చేపల వలలు. మన తీరం తూర్పుకు తిరిగి ఉంటుంది కనుక సూర్యుడు సముద్రంలో కుంగడు. సాయంత్రం రంగులు చూడాలంటే సముద్రానికి వీపు పెట్టి ఏటి వైపు చూడాలి. ఏరు సముద్రంలో కలిసేచోట నీళ్లు పైకి ప్రశాంతంగానే ఉంటాయి, అడుగున లాగుతాయి. పాదాలు తడుపుకోవడం వరకే. ఈ విషయంలో పిల్లలతో బేరాలు పెట్టుకోకండి. చీకటి పడేలోపు తిరుగుముఖం పట్టండి, దారిలో దీపాలు తక్కువ.

రెండో రోజు: ఏటికి ఎదురు

నిన్న సముద్రంలో కలిసిన ఏరే ఇవాళ పైన ఇంకో చోట కనిపిస్తుందని బండి ఎక్కేటప్పుడే పిల్లలకు చెప్పండి. నరసన్నపేట మీదుగా శ్రీముఖలింగం, శ్రీకాకుళం నుంచి గంటకు పైగా ప్రయాణం. రెండు జిల్లాల్లో ఒక్కటే చూసే వీలుంటే ఏది చూడాలని ఎవరైనా అడిగితే నేను ఈ ఊరే చెబుతాను.

ఇప్పుడు చూస్తే చిన్న పల్లె. గుడి పక్కనే ఇళ్లు, అరుగుల మీద ముసలాళ్లు, వీధిలో మేకలు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. పూరీ జగన్నాథుడి గుడి మొదలుపెట్టించిన అనంతవర్మ చోడగంగదేవుడు రాజధానిని కటకానికి (ఇప్పటి కటక్) మార్చక ముందు ఏలింది ఇక్కడి నుంచే. అందుకే ఇక్కడి శిఖరాలు మన గోపురాల్లా ఉండవు, ఒడిశా గుళ్లలా కింది నుంచి పైకి ఒంపు తిరిగి లేస్తాయి. పూరీ, భువనేశ్వర్ చూసినవాళ్లు గుమ్మం దగ్గరే ఆ పోలిక పట్టేస్తారు.

మూడు గుళ్లున్నాయి: మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు. అందరూ మధుకేశ్వరుడి దగ్గర ఆగిపోతారు, అది సహజమే. ఇప్పచెట్టు మొదట్లో స్వామి వెలిశాడని, అందుకే ఆ పేరని స్థలపురాణం. గర్భగుడిలో లింగం వెనక ఒక పెద్ద మట్టి గోలెం ఉంటుంది. గుమ్మం కంటే పెద్దదైన గోలెం లోపలికి ఎలా వచ్చిందో పిల్లల్ని ఊహించమనండి. కుమ్మరి భక్తుడి కథ పూజారిగారు చెబుతారు, ముందే మీరు చెప్పేయకండి. బయటికి వచ్చాక గోడలకు ఆనుకుని తాపీగా చుట్టూ నడవండి. తలుపుచట్రాల మీద లతలు, చిన్న చిన్న మనుషులు, ఏనుగులు ఎంతో సన్నగా చెక్కి ఉంటాయి. పొద్దుటి ఏటవాలు ఎండలోనే ఆ చెక్కడం లోతు తెలుస్తుంది, మిట్టమధ్యాహ్నం అన్నీ ఒకే రంగులో అణిగిపోతాయి. రెండో రోజు పొద్దున్నే ఇక్కడికి రమ్మనడం ఇందుకే.

ఊరి మొదట్లో ఉన్న సోమేశ్వరాలయాన్ని మాత్రం వదలొద్దు. ముందు మండపం లేదు, ఒంటరిగా ఒక్క శిఖరమే నిలబడి ఉంటుంది. జనం ఉండరు. మా అత్తయ్య "ఇంత గుడికి ఒక్క కొబ్బరికాయల కొట్టయినా లేదే" అని బాధపడింది. నాకు మాత్రం అందులోనే సుఖం కనిపించింది.

అక్కడి నుంచి టెక్కలి వైపు. దారిలో రావివలస ఎండల మల్లన్నను చూడొచ్చు. పెద్ద లింగం, పైన కప్పు లేదు, పేరులోనే ఉన్నట్టు స్వామి ఎండలోనే ఉంటాడు. మధ్యాహ్నం బండలు కాలిపోతాయి, పెద్దవాళ్లకు సాక్సు ఇచ్చి నడిపించండి. భోజనం టెక్కలిలో కానిచ్చి, మూడున్నర ప్రాంతానికి తేలినీలాపురం చేరుకోండి.

ఇక్కడ చేయాల్సిందల్లా మెడ ఎత్తి చూడటం, నోరు మెదపకుండా ఉండటం. ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు ఊళ్లోకే వచ్చి చెట్ల మీద గూళ్లు పెడతాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి, పిల్లలు రెక్కలు తెచ్చుకున్నాక వేసవి ముందు వెళ్లిపోతాయి. సైబీరియా నుంచి వస్తాయని ఎవరిని అడిగినా చెబుతారు గానీ ఈ రెండూ మన ఉపఖండంలోనూ, ఆగ్నేయాసియాలోనూ ఉండే జాతులు. నీళ్లు, చేపలు, ధైర్యంగా గూడు కట్టుకునే చెట్టు ఎక్కడ దొరికితే అక్కడికి పోతాయి. నౌపడ చిత్తడి నేలలు, ఉప్పు మళ్లు దగ్గర్లోనే ఉండటం వాటికి కలిసొచ్చింది. ఊళ్లో ఒక ముసలమ్మ మాకు చెప్పింది: "ఇవి బేగి వస్తే ఆ యేడు వానలకి లోటుండదు బావూ. మా ఆడపిల్లలు పుట్టింటికి వచ్చినట్టే." ఆ ఊరివాళ్లు వాటిని ఒక్క మాట అననివ్వరు. మీరూ చప్పట్లు కొట్టి ఎగరగొట్టే పని పెట్టుకోకండి. బైనాక్యులర్ ఉంటే తెచ్చుకోండి. సాయంత్రం నాలుగు తర్వాత పెద్ద పక్షులు మేతతో తిరిగొస్తుంటే గూళ్లలో ఆకలి గోల మొదలవుతుంది, అప్పుడే చూడాలి. చెట్టు కింద నిలబడేవాళ్లకు టోపీ తప్పనిసరి, కారణం చెప్పక్కర్లేదు.

ఇంకా ఓపిక ఉన్నవాళ్లు హైవే మీద పలాస దాకా వెళ్లి జీడిపప్పు కొనుక్కోవచ్చు. గుండు పప్పు, బద్ద, ముక్క, ఒక్కోదానికి ఒక్కో ధర. పాయసానికి, కూరలకు బద్ద చాలు, ఊరికే గుండుకు డబ్బు పోయొద్దు. నోట్లో వేసుకుని కరకరలాడితేనే తూకం వేయించండి. ఇంకొంచెం పైకి పోతే మందస, అక్కడి కోవా పేరున్నది. బారువ బీచ్ బాగుంటుంది గానీ దాన్ని కూడా ఈరోజే కలపాలంటే రాత్రి ఆలస్యమవుతుంది. నేనైతే వదిలేస్తాను.

తిండి గురించి రెండు మాటలు

హైవే మీద బిర్యానీ బోర్డులు ఎక్కువ. వాటిని దాటి, ఊళ్లో మెస్‌లో "ఇవాళ కూర ఏటి?" అని అడగండి. ఆవ పెట్టిన కూర, పనసపొట్టు, బెల్లం వేసిన పులుసు, చేపల పులుసు దొరికిన రోజు అదృష్టం. చలికాలంలో రోడ్డు పక్కన తేగలు, ఎండ రోజుల్లో ముంజెలు. చోడి (రాగి) అంబలి కనిపిస్తే పెద్దవాళ్లు వదలరు, పిల్లలు ముట్టరు. వాళ్లకు అరటిపళ్లు, బిస్కెట్లు బండిలో ఉంచుకోండి.

మూడో రోజు: పొందూరు మీదుగా విజయనగరం

సామాను సర్దుకుని బయల్దేరండి, ఇక శ్రీకాకుళం తిరిగి రావడం లేదు. మొదటి మజిలీ పొందూరు. గాంధీజీ మెచ్చిన సన్న ఖద్దరు ఇది. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్లు పింజలోని నలకను తీసేస్తాయి. తర్వాత ఏకి, ఏకులు చేసి, రాట్నం మీద వడుకుతారు. నూరో నంబరు నూలు వేళ్ల మధ్య ఉందో లేదో తెలియదు. ఖాదీ సంఘం వాళ్లను అడిగితే వడికే ఇళ్లకు దారి చూపిస్తారు. వెళ్లిన చోట అమ్మల పని ఆపించి ఫొటోలకు నిలబెట్టకండి. చూసి, అడిగి, కుదిరితే ఒక పంచో చీరో కొనండి. ధర విని ఉలిక్కిపడే ముందు ఆ దవడ ఎముకతో ఒక్క పింజ మీ చేత్తో దువ్వి చూడండి.

విజయనగరం చేరే ముందు నెల్లిమర్ల దగ్గర రామతీర్థం. కింద రామాలయం అందరికీ అందుబాటులో ఉంటుంది. గురుభక్తకొండ మీద బౌద్ధ శిథిలాలు, దుర్గకొండ మీద జైన ఆనవాళ్లు ఉన్నాయి. వాటికి ఎక్కాలంటే కాళ్లలో సత్తువ, చేతిలో నీళ్ల సీసా ఉండాలి. ఇంట్లో వాళ్లు రెండు జట్లుగా విడిపోవడానికి తగిన చోటు: ఎక్కేవాళ్లు ఎక్కుతారు, మిగతావాళ్లు చెట్టు నీడన కూర్చుంటారు.

విజయనగరాన్ని కారులోంచి చూస్తే ఏమీ కనపడదు. నాలుగింటికి బండి ఒకచోట పెట్టేసి నడవండి. మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి గుడితో మొదలుపెట్టి, గంటస్తంభం మీదుగా కోటకు. కోటకు శంకుస్థాపన 1713 విజయదశమి నాడు జరిగిందని చెబుతారు. లోపల ఇప్పుడు కాలేజీలు నడుస్తున్నాయి. అందుకని టూరిస్టు కోటలా అంతా తిరగనివ్వరు, కాపలావాళ్లు చెప్పినంత మేర చూసి రండి. బురుజులు, ప్రధాన ద్వారం బయటి నుంచే గంభీరంగా ఉంటాయి. దగ్గర్లోనే గురజాడ అప్పారావుగారి ఇల్లు. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఈ ఊరి అసలు గర్వం. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ బోధించారు, ఘంటసాల అక్కడే చదువుకున్నారు. తాతగారు ఉంటే ఆయన్నే ముందు నడవనివ్వండి. మాతో వచ్చిన పెదనాన్నగారు ఆ గేటు దగ్గర ఘంటసాల పద్యం ఎత్తుకుంటే లోపల సాధన చేస్తున్న పిల్లలు బయటికొచ్చి విన్నారు.

నాలుగో రోజు పొద్దున్న ఉంటే బొబ్బిలి

1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధాన్ని పిల్లలకు దారిలోనే చెప్పండి. రెండు వైపులా చెప్పండి. విజయనగరంలో అది పైడితల్లి అన్నగారు, విజయనగరం రాజు విజయరామరాజు చావు. బొబ్బిలిలో అది తాండ్ర పాపారాయుడి పగ, కోటలో ప్రాణాలు తీసుకున్న ఆడవాళ్ల కథ. నిన్న అమ్మవారి గుడిలో దణ్ణం పెట్టినవాళ్లు ఇవాళ యుద్ధస్తంభం ముందు నిలబడితే, ఎవరి పక్షం వహించాలో తేలక పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తారు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల సంగతి కూడా కలిపి చెబితే తప్ప వాటికి జవాబు దొరకదు.

ఆ తర్వాత గొల్లపల్లి. బొబ్బిలి వీణలు చేసేది ఇక్కడే. పనస దుంగ ఒక్కటే తీసుకుని కుండ, దండి అతుకు లేకుండా తొలుస్తారు, అదే ఏకాండి వీణ. బహుమతులకు ఇచ్చే చిన్న వీణలు కూడా చేస్తారు. పేరు రాయించుకోవాలంటే కాసేపు ఆగాలి, ఆ సమయంలో ఉలి పని చూడొచ్చు. చిన్న వీణ అలంకారానికే, తీగలు మీటి స్వరం పలకలేదని బేరం తగ్గించమనకండి. వాయించడానికి పెద్ద వీణ కొనేవాళ్లు మాత్రం వాయించడం తెలిసిన మనిషిని వెంట తెచ్చుకోండి. తిరుగు ప్రయాణంలో దాన్ని డిక్కీలో ఎండకు వదిలేసి భోజనానికి దిగకండి. మెట్లు నిలబెట్టేది మైనమే, అది మెత్తబడితే మెట్లు కదిలిపోతాయి. మళ్లీ సరిచేయించుకోవాలంటే గొల్లపల్లి రావాల్సిందే.